ఇరవై తొమ్మిది వేల టన్నుల తూటా

బండలో చిక్కుకున్న గ్యాసును బయటికి లాగడానికి అమెరికాలో భూమి లోపల అణుబాంబులు పేల్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. గ్యాసు వచ్చింది. దాన్ని పొయ్యిలో వెలిగించుకునే ఇల్లే దొరకలేదు. నీళ్ల కోసం నల్లబండతో తలపడే నంబులపూలకుంట నుంచి ఆ కథను చూస్తే ఎట్లా ఉంటుంది?

నంబులపూలకుంట మండలంలో రాత్రిపూట రిగ్గు బండి మోత మొదలైతే చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లకు నిద్ర ఉండదు. మోత వల్ల కాదు. ఎవరి చేనులో వేస్తున్నారు, ఎంత లోతుకు పోయింది, తడి తగిలిందా లేదా అన్న ఆరాటం. పోయిన వేసవిలో మా చుట్టాల చేను గట్టు మీద అట్లాంటి రాత్రి ఒకటి గడిపాను. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసిన మనిషి "నన్నూరులోపల రెండించులు పడతాయి" అని చెప్పి, తన డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లవారుజామున మూడు దాటింది.

"ఏం చిన్నాయనా, యాడికొచ్చింది?"

"ఆర్నూరు దాటింది నాయనా. ఇంగా దుమ్మే లేచ్చాంది."

కంప్రెసర్ గాలికి బొక్కలోంచి తెల్లటి రాతిపిండి ఎగజిమ్ముతోంది. అది తలమీద, కనురెప్పల మీద పేరుకుని అరగంటలో చిన్నాయనను పదేళ్లు ముసలివాణ్ని చేసింది. ఏడు నూర్ల ఇరవై దగ్గర ఆపేశారు. రిగ్గు వాళ్లు అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటారు. నీళ్లు పడినా, దుమ్ము లేచినా అడుగు అడుగే. గట్టుకు అవతల, దూరంగా సోలార్ పార్కు. 1,500 మెగావాట్ల లెక్కతో మొదలుపెట్టిన పార్కు అది. ఎన్టీపీసీ తొలిదశ 250 మెగావాట్లు 2016లో వచ్చాయి. వెన్నెల్లో ఆ పలకల వరసలు నిండిన చెరువులా మెరుస్తాయి. ఏడు నూర్ల అడుగులు ఎండు బొక్క వేసుకున్న మనిషికి ఆ మెరుపు చూస్తే ఎట్లా ఉంటుందో నేను అడగలేదు.

చిన్నాయన తలగుడ్డ దులుపుకుంటూ ఒకటే మాట అన్నాడు: "లోపల ఉండాయి. బండ ఇడ్సల్లేదు, అంతే."

అరవై ఏళ్ల కిందట అమెరికాలో పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్లు గ్యాసు గురించి అచ్చం ఇదే మాట అన్నారు. లోపల ఉంది, బండ విడిచిపెట్టడం లేదు. అయితే విడిచిపెట్టేదాకా కొట్టాలి అనుకున్నారు. కొట్టడానికి వాళ్ల చేతిలో అణుబాంబు ఉంది.

ఊట కోసం తూటా

బండను పగలగొట్టి లోపలిది రాబట్టడం మన సీమకు కొత్త సంగతి కాదు. బోర్లు రాకముందు బావులు లోతు చేసేటప్పుడు తూటాలు పేల్చేవాళ్లు. నా చిన్నప్పుడు చూసింది ఇప్పటికీ కళ్లముందు ఉంది. బావి అడుగున ఇద్దరు కూర్చుని సమ్మెటతో ఉలి కొట్టి, మూరెడు లోతు బొక్కలు చేసేవాళ్లు. అందులో తూటాలు దూర్చి, మట్టితో బిగించి, వత్తులకు నిప్పంటించి, నిచ్చెనెక్కి పరుగు. "పారిపోండ్రో" అని కేక. పిల్లలం చింతచెట్టు చాటుకు పోయి చెవులు మూసుకునేవాళ్లం. ధన్ ధన్ మని చప్పుడు, రాళ్ల వాన, ఆ తర్వాత మందు వాసన. పొగ పోయినాక మొదట దిగేది రైతే. దిగి, పగిలిన రాతి మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. తడి తగిలితే "ఊటొచ్చింది" అని పైకి అరిచేవాడు. తగలకపోతే అరుపేమీ ఉండేది కాదు.

మన కింద ఉన్నది గ్రానైటు, నీసు జాతి గట్టి రాయి. రాయి తనంతట తాను నీళ్లు పట్టుకోదు. దానిలోని పగుళ్లలో, పొరల సందుల్లో ఉన్నవే మనకు నీళ్లు. సందు దొరికితే అదృష్టం, దొరకకపోతే దుమ్ము. గ్యాసు ఉండే రాళ్లు వేరే రకం. అవి ఎక్కువగా ఇసుకరాళ్లు. ఇసుక రేణువుల మధ్య కంటికి కనపడనంత ఖాళీలు ఉంటాయి, వాటిలో గ్యాసు కూరుకుని ఉంటుంది. మంచి రాయిలో ఒక ఖాళీకీ ఇంకో ఖాళీకీ దారి ఉంటుంది కాబట్టి బావి వేస్తే గ్యాసు తోసుకుంటూ వస్తుంది. బిగుతు రాయిలో ఖాళీలు ఉంటాయి, దారులు ఉండవు. ఊరినిండా ఇళ్లుండి, ఏ ఇంటికీ వాకిలి లేకపోతే ఎట్లాగో అట్లా. అట్లాంటి రాతిలో బావి వేస్తే గొట్టం పక్కనున్న నాలుగు ఖాళీలు ఖాళీ అయి, తర్వాత నిట్టూర్పు మాత్రం మిగులుతుంది.

దీనికి తూటా వైద్యం అమెరికాలోనూ పాతదే. అంతర్యుద్ధంలో పోరాడిన ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనే ఆయన 1865లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర నూనె బావిలోకి మందుగుండు గొట్టం దించి పేల్చాడు. చచ్చిపోయిన బావి మళ్లీ నూనె కక్కింది. మరుసటి ఏడు పేటెంటు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నైట్రోగ్లిజరిన్ వచ్చింది, దాంతోపాటు చేతులు, ప్రాణాలు పోగొట్టుకున్న పనివాళ్లూ వచ్చారు. అక్కడి నుంచి అణుబాంబు దాకా దారి తిన్నగానే ఉంది. మందు పెంచుకుంటూ పోవడమే.

మడక కర్రు అని పేరు

1957లో అమెరికా అణుశక్తి కమిషన్ ఒక కార్యక్రమం మొదలుపెట్టి దానికి ప్లౌషేర్ అని పేరు పెట్టింది. అంటే మడక కర్రు. కత్తులను సాగగొట్టి కర్రులు చేసుకుంటారన్న బైబిలు మాట నుంచి తీసుకున్న పేరు అది. కత్తి కత్తిగానే ఉండగా దానికి కర్రు అని పేరు పెడితే సరిపోతుందా అన్న సందేహం అప్పట్లో ఎక్కువమందికి రాలేదు. హైడ్రోజన్ బాంబుకు తండ్రి అనిపించుకున్న ఎడ్వర్డ్ టెల్లర్ దీనికి పెద్ద గొంతు. కాలువలు తవ్వచ్చు, రేవులు కట్టచ్చు, కొండలు తొలిచి రోడ్లు వేయచ్చు అన్నారు. అలాస్కాలో బాంబులతో రేవు తవ్వుతామంటే పాయింట్ హోప్ ఊరి ఇనుపియాట్ జనం ఎదురు తిరిగారు. ఆ ఆలోచన 1962లో ఆగిపోయింది.

అదే ఏడాది జూలై 6న నెవాడా ఎడారిలో 104 కిలోటన్నుల బాంబు పూడ్చి పేల్చారు. ఒక్క దెబ్బకు కోటీ ఇరవై లక్షల టన్నుల మట్టి లేచింది. 1,280 అడుగుల వెడల్పు, 320 అడుగుల లోతు గుంట మిగిలింది. రేడియోధార్మిక దుమ్ము మాత్రం గుంట దగ్గర ఆగలేదు, గాలివాటున రాష్ట్రాలు దాటిపోయింది. పైకి పేలితే ఇట్లా అవుతుందని అర్థమయ్యాక చూపు కిందికి మళ్లింది. లోతులో పేల్చి, పైకి ఏమీ రాకుండా బండను మాత్రం పగలగొడితే? బిగుతు రాళ్లలో గ్యాసు ఉంది. దేశానికి గ్యాసు కావాలి.

ఇది ఎవరో పిచ్చివాళ్ల ఊహ అనుకుంటే పొరపాటు. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం తీసి చూడండి. శాంతియుత అణు పేలుళ్ల లాభాలు బాంబుల్లేని దేశాలకూ అందాలని అందులో అయిదో అధికరణం ఉంది. ప్రపంచం అంత గట్టిగా నమ్మింది.

1967, ఒక ఆదివారం

1967 డిసెంబరు 10. ఆదివారం. న్యూమెక్సికో రాష్ట్రం, కార్సన్ జాతీయ అడవి, జికారియా అపాచీ తెగ వాళ్ల నేలకు దగ్గర. ఎల్ పాసో నేచురల్ గ్యాస్ అనే కంపెనీ, అణుశక్తి కమిషన్, గనుల బ్యూరో చేతులు కలిపాయి. బాంబును లారెన్స్ ప్రయోగశాల వాళ్లు తయారు చేశారు. ప్రయోగం పేరు గ్యాస్‌బగ్గీ. పేరు వింటే పిల్లల ఆటబండి గుర్తొస్తుంది.

4,240 అడుగుల లోతు బొక్క వేశారు. మన చిన్నాయన బోరుకు దాదాపు ఆరు రెట్లు. గ్యాసున్న ఇసుకరాతి పొరకు సరిగ్గా కింద, మెత్తని షేలు రాతిలో బాంబును దించి, బొక్కను పైదాకా పూడ్చి బిగించారు. మన బావిలో తూటాకు మట్టి బిగించినట్టే. మధ్యాహ్నం పన్నెండున్నరకు పేల్చారు. 29 కిలోటన్నులు, అంటే 29,000 టన్నుల టీఎన్టీతో సమానం. హిరోషిమా మీద పడిన దానికి దాదాపు రెండింతలు. మన బావుల్లో వాడే తూటా ఒక్కొక్కటి 125 గ్రాములని లెక్కేసుకుంటే ఇరవై మూడు కోట్ల తూటాలు ఒకే బొక్కలో, ఒకే రెప్పపాటులో.

లోపల ఏం జరుగుతుందంటే, కన్ను మూసి తెరిచేలోపే చుట్టూ ఉన్న రాయి కరగడం కాదు, ఆవిరై పోతుంది. ఆవిరి ఒత్తిడికి గుండ్రటి గుహ ఉబ్బుతుంది. గుహ గోడల మీద కరిగిన రాయి గాజులా కారి అడుగున మడుగు కడుతుంది. విషపు పదార్థాల్లో చాలా భాగం ఆ గాజులోనే చిక్కుకుంటుంది. కాసేపటికో, కొన్ని గంటలకో గుహ పైకప్పు కూలడం మొదలవుతుంది. రాళ్లు రాలి, వాటిపై రాళ్లు రాలి, పొగగొట్టంలాంటి ఎత్తయిన రాళ్లకుప్ప ఏర్పడుతుంది. గ్యాస్‌బగ్గీ దగ్గర అది 160 అడుగుల వెడల్పు, 330 అడుగుల ఎత్తు వచ్చింది. దాని చుట్టూ నలుదిక్కులకూ పగుళ్లు. వాకిళ్లు లేని ఊరికి వీధులు వేసినట్టన్నమాట. ఇక ఆ కుప్పలోకి మళ్లీ బోరు వేసి గ్యాసు తీయాలి.

వేశారు, తీశారు. గ్యాసు వచ్చింది. పక్కనున్న పాత బావికన్నా ఎన్నో రెట్లు వచ్చింది. భౌతికశాస్త్రం వాళ్లు చెప్పినట్టే నడుచుకుంది. ఇది ఒప్పుకోవాలి. నవ్వేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకుని తర్వాత నవ్వాలి.

పొయ్యి దగ్గర ఆగిపోయింది

గాజులో చిక్కనివి కొన్ని ఉన్నాయి. ఒకటి క్రిప్టాన్-85. అది గ్యాసే కాబట్టి గ్యాసుతోపాటే వస్తుంది. ఇంకొకటి ట్రిటియం. హైడ్రోజన్‌కు బరువైన, రేడియోధార్మిక తమ్ముడు. మనం వంటకు కాల్చే సహజవాయువు అంటే మీథేన్, అందులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు. ట్రిటియం నిమ్మళంగా వచ్చి ఆ నాలుగింటిలో ఒకదాని స్థానంలో కూర్చుంటుంది. వడకట్టి తీసేద్దామంటే వీల్లేదు, ఎందుకంటే అది ఇప్పుడు గ్యాసులో కలిసిన మలినం కాదు, గ్యాసే. అది పొయ్యిలో మండితే నీటి ఆవిరిగా మారి వంటింట్లో తేలుతుంది. ట్రిటియం సగం కావడానికి పన్నెండేళ్ల పైన పడుతుంది, క్రిప్టాన్-85కు పదేళ్ల పైన.

శాస్త్రవేత్తలు లెక్కలు వేశారు. ఈ గ్యాసును మామూలు గ్యాసుతో కలిపి పెద్ద నగరానికి ఇస్తే ఒక్కో మనిషికి పడే మోతాదు చాలా తక్కువ, నేల నుంచీ ఆకాశం నుంచీ రోజూ మన మీద పడే దానితో పోలిస్తే ఏమంత కాదు అన్నారు. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ లెక్క ప్రయోగశాలలో చేస్తారు, అన్నం వంటింట్లో ఉడుకుతుంది. బాంబుతో తీసిన గ్యాసు మీద పిల్లకు పాలు కాచివ్వమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒక్క గ్యాసు కంపెనీ కూడా తన గొట్టంలోకి దాన్ని రానివ్వలేదు. గ్యాస్‌బగ్గీ గ్యాసును పరీక్షల పేరుతో అక్కడే గాలిలో మండించేశారు. 1978లో బావిని మూసేశారు.

అయినా ఆగారా అంటే, లేదు. 1969 సెప్టెంబరు 10న కొలరాడోలో రూలిసన్ దగ్గర 8,426 అడుగుల లోతున 40 కిలోటన్నులు పేల్చారు. కోర్టుకెళ్లిన వాళ్లున్నారు. పేలుడు ఆపాలని నిషేధిత ప్రాంతంలోకే చొరబడి కూర్చున్న వాళ్లూ ఉన్నారు. గాలి సరిగా లేదని తేదీ వాయిదా పడి, చివరికి పేలింది. నేల ఊగి చుట్టుపక్కల ఇళ్ల పొగగొట్టాలు దెబ్బతిన్నాయి, పరిహారాలు కట్టారు. 45 కోట్ల ఘనపుటడుగులకు పైగా గ్యాసు తీశారు. అదీ గాలిపాలే. ఒక్క అడుగు గ్యాసు అమ్ముడుపోలేదు.

1973 మే 17న అదే రాష్ట్రంలో రియో బ్లాంకో. ఈసారి ఒకే బావిలో ఒకదాని మీద ఒకటి మూడు బాంబులు, ఒక్కొక్కటి 33 కిలోటన్నులు, ఒకే క్షణంలో. మూడు రాళ్లకుప్పలూ కలిసి ఒకే పొడవాటి గొట్టం అవుతాయని అనుకున్నారు. కలవలేదు. మధ్యలో బండ బండగానే మిగిలిపోయింది. 99 కిలోటన్నులు పేలినా కలవని ఆ కుప్పల గురించి చదివినప్పుడు నాకు మా ఊరి సంగతి గుర్తొచ్చింది. పక్క బోరుకు పదడుగుల దూరంలో వేసిన బోరు ఎండిపోవడం, దాని పక్కది మూడించులు పోయడం మనం చూసిందే. బండ మన మాట వినదు.

అప్పటిదాకా ఈ గ్యాసు పేలుళ్ల మీద 8 కోట్ల 20 లక్షల డాలర్లు ఖర్చయింది. పాతికేళ్లపాటు తీయగలిగినంత గ్యాసంతా తీసినా అందులో 15 నుంచి 40 శాతం దాకే తిరిగొస్తుందని అంచనా వేశారు. ఒక ప్రాంతంలోని గ్యాసు మొత్తం రావాలంటే వందల పేలుళ్లు కావాలి. మూడింటికే జనం తిరగబడితే వందలకు ఎవరు ఒప్పుకుంటారు? 1974 నవంబరులో కొలరాడో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చారు. ఇకమీద ఆ రాష్ట్రంలో ఎవరు అణు పేలుడు చేయాలన్నా ముందు జనం ఓటు అడగాలి. వ్యోమింగ్‌లో పైన్‌డేల్ దగ్గర అయిదు బాంబులతో వాగన్ వీల్ అనే ఇంకో ప్రయోగం తలపెట్టారు. అక్కడి పశువుల కాపర్లు, రైతులు అడ్డం తిరిగారు. అది కాగితం దాటలేదు. 1977కు మడక కర్రు కార్యక్రమమే మూతపడింది.

మంట ఆర్పిన బాంబు, ఆరని పాశర్లపూడి

సోవియట్ వాళ్లు ఇంకా దూరం పోయారు. 120కి పైగా పేలుళ్లు చేశారు. గ్యాసుకు, నూనెకు, జలాశయాలకు, భూగర్భ పరిశోధనకు. వాటిలో ఒకటి మాత్రం ఎవరు విన్నా ఒక క్షణం నోరు తెరుస్తారు. ఉజ్బెకిస్తాన్‌లో ఊర్తాబులాక్ గ్యాసు బావి 1963 డిసెంబరులో అదుపు తప్పి మంటపట్టుకుంది. దాదాపు మూడేళ్లు ఆరలేదు. చివరికి 1966 సెప్టెంబరు 30న పక్కనుంచి ఏటవాలు బొక్క వేసి, మండే బావి గొట్టానికి దగ్గరగా, కిలోమీటరున్నర లోతున 30 కిలోటన్నుల బాంబు పేల్చారు. ఆ ఒత్తిడికి రాయి జరిగి గొట్టాన్ని నలిపి మూసేసింది. మంట అర నిమిషం కూడా నిలవలేదు.

ఈ వాక్యం దగ్గర తెలుగు పాఠకుడికి పాశర్లపూడి గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. 1995 జనవరి 8 సాయంత్రం కోనసీమలో బోడసకుర్రు దగ్గర ఓఎన్జీసీ వాళ్ల పాశర్లపూడి 19వ నంబరు బావి పేలి మంట లేచింది. కొబ్బరితోటల మధ్య అగ్నిస్తంభం. రాత్రులు పగళ్లయ్యాయి. చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులు వచ్చి తంటాలు పడితే రెండు నెలలు దాటాక, మార్చి 15న ఆరింది. అణుబాంబు మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు. జనం కిక్కిరిసిన గోదావరి లంకల కింద బాంబు పేల్చడానికి అది ఎడారి కాదు.

కాకపోతే ఒక తమాషా. అప్పుడు ఢిల్లీలో ప్రధానమంత్రి మన పి.వి. నరసింహారావు. అదే 1995లో, డిసెంబరులో, పోఖరాన్‌లో అణు పరీక్షకు సిద్ధమవుతున్నారని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. సంగతి పత్రికలకెక్కింది, పరీక్ష జరగలేదు. గ్యాసు మంట, అణు బొక్క, రెండూ ఒకే తెలుగువాడి బల్ల మీదికి ఒకే ఏడాదిలో వచ్చాయి. రెండింటినీ కలపాలన్న ఆలోచన ఈ దేశంలో ఎవరికీ రాలేదు.

అంతకు రెండు దశాబ్దాల ముందు మాత్రం మనమూ మడక కర్రు భాష మాట్లాడాం. 1974 మే 18, ఉదయం 8.05కు పోఖరాన్ ఇసుక కింద 107 మీటర్ల లోతున మన తొలి పేలుడు. దానికి అధికారికంగా పెట్టిన పేరు శాంతియుత అణు పేలుడు. గనుల తవ్వకం, మట్టి పనుల కోసం ఈ సాంకేతికతను చదువుతున్నామని అణుశక్తి కమిషన్ ప్రకటన చెప్పింది. మరుసటి ఏడు రాజగోపాల చిదంబరం, రాజా రామన్న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ముందు ఆ ప్రయోగం మీద పత్రమూ సమర్పించారు. ఆ తర్వాత ఒక్క గని తవ్వలేదు, ఒక్క గ్యాసు బావి పగలగొట్టలేదు. 1997లో రామన్న గారే అది బాంబేనని చెప్పేశారు. కెనడా అయితే ఆ మాట 1974లోనే అనుకుని మనకిస్తున్న అణు సాయం ఆపేసింది.

నీళ్లతో పగిలిన బండ

ఈ కథకు అసలు ఎకసెక్కం ఏమిటంటే, బాంబు చేయలేని పనిని చివరికి నీళ్లు చేశాయి. గొట్టంలోకి నీళ్లు, ఇసుక, కొన్ని రసాయనాలు కలిపి భయంకరమైన ఒత్తిడితో తోస్తే రాయి చిట్లుతుంది. ఇసుక రేణువులు ఆ పగుళ్లలో చేరి మళ్లీ మూసుకోకుండా పట్టుకుంటాయి. దీన్ని ఫ్రాకింగ్ అంటున్నారు. ఇది గ్యాస్‌బగ్గీ కన్నా ముందే, 1940ల చివర నుంచే ఉంది. బాంబు మోజులో ఉన్నప్పుడు దాని నిదానం కొందరికి నచ్చలేదేమో. ఇవాళ వాగన్ వీల్ వద్దన్న పైన్‌డేల్ దగ్గర, రూలిసన్ చుట్టూ, వేల బావులు ఈ పద్ధతిలో గ్యాసు పోస్తున్నాయి.

దీనికీ తగువులు ఉన్నాయి. నీళ్లు విపరీతంగా తాగుతుంది, వాడిన నీళ్లు ఎక్కడ పారబోయాలన్నది ఇంకా తగువే, భూమి కదిలిన చోట్లున్నాయి. మన కృష్ణా-గోదావరి బేసిన్‌కే వస్తే, 2005 జూన్‌లో కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్పీసీ తరఫున గొప్పగా ప్రకటించారు. ఆ క్షేత్రానికి దీన్‌దయాళ్ అని పేరు. తీరా చూస్తే లోపల విపరీతమైన వేడి, ఒత్తిడి, పైగా బిగుతు రాయి. తర్వాత ఆమోదించిన ప్రణాళికలో ఆ అంకె దాదాపు పదో వంతుకు పడిపోయింది. 2017లో ఓఎన్జీసీ అందులో 80 శాతం వాటా కొనుక్కుంది. పక్కనే రిలయన్స్ కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలై, ఏడాది తిరిగేసరికి శిఖరం చేరి, ఆ తర్వాత అంచనాలన్నీ తలకిందులయ్యేలా దిగజారింది. "లోపల ఉంది" అన్న మాటకూ "బయటికి వచ్చింది" అన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో గోదావరి జిల్లాల వాళ్లకూ తెలుసు. వచ్చిన గ్యాసు కూడా ఎవరి పొయ్యిలోకి పోతుందో, గొట్టం ఎవరి ఇంటి పక్కనుంచి పోతుందో 2014 జూన్ 27న ఆ గొట్టం పేలినప్పుడు నగరంలో ఇరవై మందికి పైగా ప్రాణాలిచ్చి తెలుసుకున్నారు. ఆ ఊరి పేరే నగరం, మామిడికుదురు మండలంలో చిన్న పల్లె.

మన బోర్లకూ ఈ నీటి వైద్యం ఉంది. దేశంలో పలుచోట్ల ఎండిపోయిన తాగునీటి చేతిపంపు బోర్లలోకి ఒత్తిడితో నీళ్లు తోసి, మూసుకున్న సందులను తెరిపిస్తారు. హైడ్రోఫ్రాక్చరింగ్ అని దాని పేరు. కొన్ని బతుకుతాయి, కొన్ని బతకవు. సందే లేని చోట తెరిపించడానికి ఏముంటుంది? పడే వాన పడితేనే సందుల్లో నీళ్లు. అనంతపురం సీమలో ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఈ లెక్క ఏ తూటాకూ లొంగదు.

అణువు మనకు దూరపు కథా కాదు. కదిరి నుంచి పులివెందుల మీదుగా పోతే వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని. 2012 నుంచి అక్కడ ముడి యురేనియం తీస్తున్నారు. వ్యర్థాల చెరువు వల్ల తమ బోరునీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు, సంస్థ కాదంటోంది. కొలరాడో ఓటర్లకు దొరికిన ఓటు తుమ్మలపల్లె వాళ్లకు దొరకలేదు. అదొక్కటే నాకు ఈ కథ అంతా చదివాక గొంతులో ఇరుక్కున్న సంగతి. నంబులపూలకుంటలో పలకలు పరిచేటప్పుడు కూడా పోయిన భూమికి లెక్క ఎంత అన్న తగువు నడిచింది కానీ, పరచాలా వద్దా అని ఎవరూ అడగలేదు.

చిన్నాయన మళ్లీ బోరు వేస్తాడట. ఈసారి గుట్ట కింద, గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను వైపు పోయే దారి పక్కన. మర్రి ఊడలు దిగిన చోట తడి ఉంటుందని ఆయన నమ్మకం. అదైనా పాయింటు చూసే టెంకాయ కన్నా నయమే అన్నాను. నవ్వాడు.

న్యూమెక్సికోలో గ్యాస్‌బగ్గీ పేల్చిన చోట ఇప్పుడు అడవి మధ్య ఒక చిన్న పలక ఉంది. దాని చుట్టూ 100 అడుగుల దూరంలో 1,500 అడుగుల లోతు దాకా తవ్వకూడదు. 600 అడుగుల దూరంలో 1,500 నుంచి 4,500 అడుగుల లోతు మధ్య ఏ బోరూ వేయకూడదు. రూలిసన్ దగ్గర 40 ఎకరాల్లో 6,000 అడుగుల కింద అనుమతి లేకుండా రిగ్గు దించడానికి వీల్లేదు. ఆ నిషేధాలు ఇవాళ్టికీ అమల్లో ఉన్నాయి.